వరహాలు చూసినట్టుగా

బెంగాల్ నాగపూర్ రైల్వే, అదే బీఎన్నార్ రోజుల్లో గూడ్సు గార్డు మల్లేశ్వరరావుకు కథల పిచ్చి ఉండేది. రాయపూరు రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్లు ఆదివారాలు చేరి చదువుకోవడానికి ఆయన కథలే దిక్కు. దెయ్యాల కథలు, అత్తగార్ల మీద వేళాకోళాలు ఇట్టే రాసిపారేసేవాడు. ఒక్క కథ మాత్రం లొంగలేదు. అది ఆరేళ్ల కూతురు వరహాలుది.

ఒక వానాకాలం ఆరంగ్ దగ్గర పట్టాల మీదికి నీళ్లొచ్చి ఆయన బండి ఆగిపోయింది. ఇల్లు చేరేసరికి పిల్ల జ్వరంతో పోయింది, మట్టి కూడా చేసేశారు. పాపం, కడచూపు దక్కలేదు. కథలోనైనా పిల్ల పక్కన కాసేపు కూర్చోవాలని ఆయన ఆశ.

మొదట ‘నేను’ అంటూ రాసి, పొయ్యి దగ్గరున్న భార్య బంగారమ్మకు చదివి వినిపించాడు.

“పిల్లేదండీ ఇందులో? అంతా మీ ఏడుపే!” అందామె.

మాట గుచ్చుకుంది గానీ నిజమే. తండ్రి శోకం పేజీల నిండా పరుచుకుని, మంచం మీది పిల్లకు చోటే లేకుండా చేసింది. సరే, పిల్ల కళ్లతోనే చూద్దామని మళ్లీ మొదలుపెట్టాడు. పైన పెంకులు, అమ్మ చెయ్యి, తెరిచిన తలుపు. చివరికి నాన్న కోసం గుమ్మంవైపు చూస్తూ చూస్తూ కన్నుమూసింది. అదీ బంగారమ్మకు చదివి వినిపించాడు.

బంగారమ్మ గరిటె పక్కన పెట్టేసింది.

“అది గుమ్మంకేసి చూళ్లేదండీ. పక్క క్వార్టరు సూరిబాబన్నయ్య డూటీ దిగి అలాగే వొచ్చీసినాడు. ఆయనా గార్డే కదా, మీలాటి నల్లకోటే. ఒళ్లు కాలిపోయే బుఖార్లో ఇది ‘నాన్నొచ్చీసినాడే’ అని కోటు పట్టీసుకుంది. ఆయన కాదన్లేదు. ‘వొచ్చీసినానమ్మా’ అని ఒళ్లో ఎట్టుకున్నాడు. నవ్వుతానే పోయింది.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేటే?”

“చెప్తే ఆ అన్నయ్య మొహం చూడగల్రా మీరు?”

ముందు ఆయనకు ఒళ్లు మండింది. తనకు దక్కాల్సింది పక్కింటివాడు ఎత్తుకుపోయినట్టనిపించింది. తర్వాత గోడకు చేరగిలబడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

మూడోసారి, వరహాలు చూసింది చూసినట్టే రాశాడు. ఆదివారం అందరి ముందూ చదివే ధైర్యం లేక, చదివిపెట్టమని కాగితాలు సూరిబాబు చేతికిచ్చాడు. సూరిబాబు బాగానే మొదలుపెట్టాడు. ‘నాన్న వచ్చాడు’ అన్నచోట ఆగిపోయి, తలెత్తి మల్లేశ్వరరావును చూశాడు.

“చదువు సూరిబాబూ,” అన్నాడు మల్లేశ్వరరావు. “ఆ పూట దానికి నాన్నవి నువ్వే.”