ఉట్టిలో తాటాకుల కట్ట

పందొమ్మిదివందల ముప్ఫైలలో, మద్రాసులో పాత రికార్డుల ఆఫీసులో కొత్తగా చేరిన రోజుల్లో, ఏలూరులో పడవెక్కి కొల్లేటి మధ్య ఒక లంకకి వెళ్లాను. అక్కడ కరణంగారి భార్య సుబ్బమ్మగారి ఇంట్లో ఆ ఊరి చరిత్ర రాసిన తాటాకుల కట్ట ఉందని విన్నాను. ఏ పెట్టెలో ఉందని అడిగితే ఆవిడ నవ్వి పైకి చూపించారు. పెరుగుకుండ పక్కనే మరో ఉట్టిలో, పాత పంచెలో చుట్టిన కట్ట వేలాడుతోంది.

“వరదొస్తే ముందు ఆ ఉట్టే పడవెక్కుతుందండి. మేం తర్వాతే,” అన్నారు.

మద్రాసు పంపితే ఇనపబీరువాలో భద్రంగా దాస్తామని గొప్పగా చెప్పాను.

“బాగానే ఉంది బాబూ. మరి మీ ఆఫీసులోకి నీళ్లొస్తే ముందు ఏం మోస్తారండీ?”

రెండు రోజులు వాళ్ల అరుగు మీదే కూర్చుని, ఆవిడ పెట్టిన పెరుగన్నం తింటూ నకలు రాసుకున్నాను. కట్టని మళ్లీ ఉట్టిలో నేనే పెట్టాను. తుంగ వాసన నిండిన ఆ అరుగు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

చాలా ఏళ్లకి, దేశపు పాత కాగితాలు దాచే ఆఫీసుకి నేనే పెద్దనయ్యాను. ఒక వానాకాలం లోపలికి నీళ్లొచ్చాయి. బంట్రోతులు పరుగెత్తుకొచ్చి అన్నిటికన్నా ముందు మోసింది నా కుర్చీని.