తుడవని విమానం

ఆ రోజుల్లో ఎదురు చెప్పడం కూడా నాకు ఒక ఉద్యోగం లాంటిదే. జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉండేది. తమిళనాడు కోవిల్‌పట్టిలో కార్లకు, బండ్లకు పెయింట్ వేసే షెడ్డులో రంగులు కలిపే పని. గీత పడిన కారు తలుపు పక్కన నిలబడి, పాత రంగు ఎండకు ఎంత వెలిసిందో కంటితోనే చూసి, దానికి సరిపోయేది డబ్బాలో కలపాలి. ఇరవై ఒకటో ఏట ఆ పని నాకు బాగానే వచ్చు (బాగా వచ్చునని నేనే అందరికీ చెప్పేదాన్ని). ఆ షెడ్డులో అందరమూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాతవాటిని కొత్తవిగా చేసేవాళ్ళం. అందుకే కాబోలు, ఇంటికి రాగానే నాకు సరిగ్గా దానికి తలకిందులైన పిచ్చి పట్టుకుంది.

ప్లాస్టిక్ ముక్కలుగా వచ్చే యుద్ధవిమానం కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు, జానెడున్నర పొడవు. ఒకప్పుడు మన దేశం ఎగరేసిన జెట్. ముక్కు కొసన గాలి పీల్చే గుండ్రటి నోరు, వెనక మంట కక్కే గొట్టం. ముక్కలు అతికించి, అతుకులు సాండ్‌పేపరుతో నున్నగా రుద్ది, బూడిదరంగు వేసేసరికి నెల పట్టింది. కొత్త గిన్నెలా మెరిసింది. అప్పుడు దాన్ని పాడుచేయడం మొదలుపెట్టాను. పల్చటి నల్లరంగును రేకుల సందుల్లోకి పారించి, పైపైన దూదితో తుడిచాను. రెక్కల అంచుల మీద స్పాంజి ముక్కతో వెండిరంగు అద్ది, పెయింటు పెచ్చులూడినట్టు చేశాను. కాక్‌పిట్ పక్కన, మనుషులు బూట్లతో ఎక్కి దిగే చోట, రంగు అరిగినట్టు రుద్దాను. వెనక గొట్టం చుట్టూ అగ్గిపుల్లలు కాల్చిన మసి పూశాను (కోవిల్‌పట్టిలో అన్ని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల మధ్య అగ్గిపుల్లలకు కరువా). నాగలాపురం దగ్గర మా నాన్న చేలోంచి తెచ్చిన నల్లరేగడి మన్ను జల్లించి చక్రాలకు పట్టించాను. చివరిగా పొట్ట పక్కన నూనె కారిన చార ఒకటి గీశాను. అన్నిటికంటే ఆ చార మీదే నాకు గర్వం.

మా అవ్వ చిక్కుడుకాయలు గిల్లుతూ ఇదంతా చూసింది. “ఏమిటికే కొత్తదాన్ని పాతది చేస్తా ఉండావు? సుమ్మా పెట్టుంటే అదే అవతాది కదా” అంది. (సుమ్మా అంటే ఊరికే. మా ఇళ్ళల్లో తెలుగు మాట పక్కన తమిళ మాట కూర్చోకుండా ఉండదు.)

“అంతవరకూ నేనుండొద్దా అవ్వా?” అన్నాను.

“నేనే ఉండాను, నీకేమి” అంది.

ఇది ఇలా ఉండగా మా ముదలాళి (షెడ్డు యజమానిని మేమంతా అలాగే పిలిచేవాళ్ళం) విరుదునగర్‌లో రెండో షెడ్డు తెరవబోతున్నారు. ఆయనది నేతవాళ్ళ కుటుంబం. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను విమానం చేశానని ఆయన చెవిన పడింది. “తిరప్పువిళాకి (ప్రారంభోత్సవానికి) ఎత్తుకొని రా. వాకిట్లో టేబుల్ మీద పెడతాము. మన పెయింటింగ్ ఎట్లుంటాదో వచ్చేవాళ్ళు చూడనీ. ఆ షెడ్డులో రంగుల పనంతా ఇంక నీదే” అన్నారు. నేను గాల్లో తేలిపోయాను. విమానం ఎలా ఉంటుందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ప్రారంభం రోజు పొద్దున అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పెట్టెలో ఏముందని పక్క సీటావిడ అడిగింది. యుద్ధవిమానమని నిజమే చెప్పాను. విరుదునగర్ వచ్చేదాకా ఆవిడ నాతో మళ్ళీ మాట్లాడలేదు.

కొత్త షెడ్డు వాకిట్లో మామిడాకులు, తెల్లటి బట్ట పరిచిన టేబులు. ముదలాళి పెట్టె మూత తీశారు. మూత మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు.

“బస్సులో ఏమన్నా అయిందా?” అన్నారు చివరికి.

“లేదు ముదలాళీ. అదే అట్ల.”

“ఇంత అళుక్కుగానా, ఇంత మురికిగానా?” అంటూ వేలితో మసిని తాకి, వేలు చూసుకున్నారు. లోపలికి వెళ్ళి ఒక గుడ్డ, రంగు మీద మెరుపు కోసం కొట్టే లాకరు డబ్బా తెచ్చారు. “బాగా తుడిచి మీద ఒక కోటు కొట్టు. తళతళా మెరవాల. పది నిమిషాల పని.”

“కొట్టను.”

“ఇది ఎగిరిన విమానం ముదలాళీ. ఎగరనిది కావాలంటే అంగట్లో ఉంటాది, తెచ్చి పెట్టుకోండి” అన్నాను.

“చూసినోళ్ళు ఇది మన పని అనుకుంటారు.”

“మన పనే కదా.”

“అట్లయితే నీకు ఈడ పని లేదు. కోవిల్‌పట్టిలోనూ లేదు. తుడుస్తావా, పోతావా?”

పెట్టె మూత అందుకున్నాను. “పోతాను. విమానం కూడా నాతోనే వస్తాది” అన్నాను.

అప్పుడే ముదలాళి మామగారు వచ్చారు. వైమానిక దళంలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. అందరికీ ఆయన ఏర్‌ఫోర్స్ తాత. ముదలాళి ముఖం వెలిగింది. “మామా, మీరే చెప్పండి. విమానం ఇట్ల ఉంటాదా?” అన్నారు.

తాత కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి, విమానాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, తిప్పి తిప్పి చూశారు.

“ఏమ్మా, దీన్ని చూసుకునే మెకానిక్ ఎవరు?”

“నేనే తాతా.”

“నా దగ్గర పని చేసుంటే నీకు లీవనేదే ఇచ్చుండను. దిగిన వెంటనే మేము గుడ్డ ఎత్తుకొని పోతాము. ఒక చుక్క ఉండకూడదు.” ముదలాళి తల ఊపుతున్నారు. “చక్రాలకు ఇదేమి మన్ను?”

“నాగలాపురం రేగడి.”

“రన్‌వే దొరకలేదా, పత్తిచేలో దిగిందా?”

అందరూ నవ్వారు. తాత వేలు నా నూనె చార మీదికి వచ్చింది. “ఇది నేరుగా కిందికి కారుండాది. ఎగిరేటప్పుడు గాలికి వెనక్కి పోవాల కదమ్మా.”

నెల రోజుల్లో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. అయినా చేతులు కట్టుకున్నాను. “అది నిలబెట్టినప్పుడు కారింది.”

“నిలబెట్టినప్పుడే కారితే ఎగరనియ్యము.”

“అందుకే ఇది ఎగరలేదు” అన్నాను. (ఎగిరిన విమానమని నేను అని అయిదు నిమిషాలు కూడా కాలేదు. ఎవరికీ గుర్తుండదనుకున్నాను. ముదలాళికి గుర్తుంది.) ఆయన నోరు తెరిచేలోగా, ఇక పోయేది ఏమీ లేదన్న ధైర్యంతో తాతనే అడిగాను. “సరే తాతా. తుడిచినాక ఎట్లుంటాదో చెప్పినారు. మీరు గుడ్డ ఎత్తుకొని పోయేటప్పుడు, తుడవకముందు, ఎట్లుంటాది?”

తాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. విమానాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. కాక్‌పిట్ పక్కన అరిగిన చోట బొటనవేలు ఆనించి, చాలాసేపు అక్కడే ఉంచారు.

“ఇట్లనే ఉంటాది” అన్నారు. “ఈడ మా బూట్లు. ఈడ మసి. ఆఫీసర్లు చూసింది, జెండా ఎగరేసే రోజు కొడియేట్రానికి వచ్చిన జనం చూసింది, అంతా తుడిచినాకనే. ఇట్ల చూసింది మేము మాత్రమే. మా ఇంటిదానికి కూడా నేను చెప్పింది లేదు, ఇట్లుంటాదని.”

జేబులోంచి రుమాలు తీశారు. తుడవబోతున్నారనుకుని ముదలాళి లాకరు డబ్బా ముందుకు చాపారు. తాత కళ్ళజోడు తీసి, కళ్ళూ అద్దాలూ తుడుచుకుని, విమానాన్ని తీసుకెళ్ళి తనే టేబుల్ మధ్యలో పెట్టారు.

“మామా, వచ్చే గిరాకీ ఏమనుకుంటాది?” అన్నారు ముదలాళి నీరసంగా.

“ఏమన్నా అనుకోనీ.”

గిరాకీ అనుకున్నది అనుకుంది. దీనికి పెయింటు ఎప్పుడు వేస్తారని ఆ పూట ముగ్గురు అడిగారు. ముగ్గురికీ రేపని ముదలాళి చెప్పారు, నా వైపు చూడకుండా. పోయిన పని నాకు మళ్ళీ దొరికింది, కాని కోవిల్‌పట్టిలోనే. విరుదునగర్ షెడ్డు ఇంకొకరికి ఇచ్చారు. నాకు అసలు అది వద్దేవద్దని అందరితో చెప్పాను. (ఎంత కావాలనుకున్నానో అవ్వకు ఒక్కదానికే తెలుసు. వారం రోజులు నేను సరిగ్గా తినలేదు.) అయినా ఇప్పుడు అడిగినా ఒకటే చెబుతాను. ఆ రోజు గుడ్డ అందుకోనందుకు నాకు విచారం లేదు.

ఇప్పుడు నాకంటూ చిన్న షెడ్డుంది. ముదలాళీ అని నన్నూ పిలుస్తారు. రంగు తేడాగా ఉందని ఎవరైనా అంటే వెంటనే “సరేనండి, మారుస్తాము” అంటాను. అలా అనడం అలవాటైపోయింది. ముప్పై ఏళ్ళు విమానాలు తుడిచిన మనిషి ముందు చేతులు కట్టుకుని నూనె గురించి వాదించిన ఆ పిల్లను తలుచుకుంటే సిగ్గేస్తుంది. దానికంటే ఎక్కువ అసూయ వేస్తుంది.

ఇవాళ పొద్దున ఒకాయన కారు తలుపు చూసి, రంగు కలవలేదన్నాడు. ఏ మూల నుంచి వచ్చిందో ఆ పిల్ల, “కలిసింది. మీరు ఎండలో నిలబడి చూడండి” అంది నా నోటితో. ఆయన కారు ఇక్కడే వదిలి, తర్వాత వస్తానని వెళ్ళిపోయాడు. ఆ పూటంతా నా నడకే వేరు. సాయంత్రం నేనే ఎండలో నిలబడి చూశాను. కలవలేదు. ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి. రేపు చేస్తాను. ఈ ఒక్క రోజు మాత్రం కలిసినట్టే.