అందరితోని కలిసి అంటే

మల్దకల్ పక్క పల్లెలో పెంటమ్మ కూలికి పల్లికాయ ఒలిచేది. పుట్టుకతో నత్తి. తన పేరు తను చెప్పుకోవడానికే ఆపసోపాలు పడేది. తోటి కూలోళ్ళు నవ్వితే తనూ నవ్వేది గానీ, లోపల చివుక్కుమనేది.

ఆదివారం మాత్రం వేరు. ఆ పల్లె చర్చిలో తాతల నాటి నుంచీ ఆరాధన క్రమం నడుస్తోంది. పాపాల ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, అందరూ లేచి ఒక్క గొంతుతో చెప్పాల్సిందే. వాళ్ళతో కలిసి అన్నప్పుడు పెంటమ్మ మాట కాల్వ నీళ్ళలా సాగిపోయేది. ఒక్క అక్షరం ఆగేది కాదు. ఎందుకో ఆమెకు తెలియదు. దేవుడికి తెలిస్తే చాలనుకుంది.

రెండువేల నాలుగులో ప్రభుదాసు అనే కుర్ర అయ్యగారు ఆ చర్చికి పాస్టరుగా వచ్చాడు. మంచివాడే, కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. "ఈ చిలక పలుకులెందుకు? ఎవరి గుండెల మాట వాళ్ళు చెప్పుండ్రి" అని ఆరాధన క్రమం పుస్తకాలు బీరువాలో పెట్టేసి, పిల్లలకు కొత్త పాటలు నేర్పి, పెద్దల్ని ఒక్కొక్కరినీ లేపి ప్రార్థన చేయించడం మొదలుపెట్టాడు. వంతు పెంటమ్మ దాకా వచ్చింది.

"ప్ర... ప్ర... ప్ర..."

వెనకాల పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె కూలబడింది. మళ్ళీ చర్చి గడప తొక్కలేదు.

కొన్ని వారాలు చూసి అయ్యగారే ఆమె ఇంటికొచ్చాడు.

"ఏందమ్మా, దేవుని మీద అలిగినవా?"

"దే... దేవుని మీద కాదయ్యా, మీ... మీ మీద," అంది పెంటమ్మ, ఒలుస్తున్న పల్లికాయ మీంచి తలెత్తకుండా. "అం... అందరితోని అంటె నాకు న... నత్తి రాదు. వారానికి గదొక్కటే నేను మా... మాట్లాడేది. గది గూడ తీ... తీసేస్తిరి."

ఆయన నమ్మలేదు. "ఏదీ, నాతోని అను" అని విశ్వాస ప్రమాణం ఎత్తుకున్నాడు. పెంటమ్మ అందుకుంది. ఎక్కడా తడబడలేదు. అనుమానం తీరక ఆయన మధ్యలో టక్కున ఆపాడు. ఆమె మాటా అక్కడే ఇరుక్కుపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. అయ్యగారు గబగబా మళ్ళీ అందుకుని, ఆమేన్ దాకా ఆగితే ఒట్టు. తర్వాత కాసేపు ఆమె పక్కనే కూర్చుని పల్లికాయ ఒలిచాడు.

"ఆదివారం రా తల్లీ. పుస్తకాలు బయటికి తీస్త."

"పి... పిల్లల కొత్త పాటలు గూడ ఉండనీ అయ్యా. గవి గూడ మం... మంచిగనే ఉంటయి."

ఆదివారం అందరూ లేచి నిలబడ్డారు. అయ్యగారు తన గొంతు తగ్గించి పెంటమ్మ గొంతు కోసం చెవులు రిక్కించాడు. దొరకలేదు. అన్ని గొంతుల్లో అదీ కలిసిపోయింది. బతుకంతా ఆమె నోరు విప్పితే చాలు, జనం తిరిగి చూసేవాళ్ళు. ఆ రోజు ఎవ్వరూ తిరిగి చూడలేదు. పెంటమ్మకు కడుపు నిండిపోయింది.