అవ్వ వెనుక నడిచిన మూలుగు

ఆ రోజుల్లో మాకు దేవుడి దగ్గరికి పోవడానికి రెండే దారులు, ఒకటి బస్సు, రెండోది మొక్కు. మొక్కిన వాళ్లు నడవాలి, నడవాలంటే కాళ్లు ఉండాలి. మా అవ్వకు మొక్కు ఉంది గానీ కాళ్లు లేవు. (ఉన్నాయి లెండి, మోకాళ్ల దగ్గరే పేచీ.) ఆ మొక్కు కూడా నా పేరు మీదే. చిన్నప్పుడు పదేపదే వచ్చిన జ్వరంతో నేను బడికి పోలేకపోయాను. అవ్వ కొడుకు, అంటే మా బాపే, నన్ను ఇంట్లో కూచోబెట్టి అక్షరాలు దిద్దించి, ఎక్కాలు చెప్పి, పద్దెనిమిదో ఏట పదో తరగతి పరీక్ష రాయించాడు. నేను పాసైతే బోధన్ పక్కనున్న మా ఊరి నుంచి బాసర దాకా నడిచి వస్తానని అవ్వ సరస్వతమ్మకు మాటిచ్చింది. నేను పాసయ్యాను. అందులో అమ్మవారి దయ ఉంది, బాపు ఓపిక ఉంది, నా లెక్కల పేపరు దిద్దిన ఆ పుణ్యాత్ముడెవరో ఆయన జాలి ఉంది. ముగ్గురికీ ఇప్పటికీ పొద్దున్నే దండం పెట్టుకుంటాను.

అవ్వను ఎట్లా నడిపించాలన్నది నా బాధ్యత అనుకున్నాను. ఏదో పాత వారపత్రికలో మంచుకొండలు ఎక్కేవాళ్ల ఫొటో చూశాను. వీపున సంచి, రెండు చేతుల్లో రెండు సన్నని కర్రలు. కొండలకే పనికొచ్చినవి మన చెరుకు తోటల బాటకు పనికిరావా! ముందు వెదురు కర్రలు తెచ్చి చూపిస్తే అవ్వ ఒకటి ఎత్తి చూసి, "నేను కర్రను మొయ్యాల్నా, కర్ర నన్ను మొయ్యాల్నా?" అని పక్కన పెట్టేసింది. అప్పుడు బాపు నిజామాబాద్ పోయి, పాతసామాన్ల దుకాణంలో టీవీ యాంటెనాల అల్యూమినియం గొట్టాలు వెతికి తెచ్చాడు. లావు గొట్టంలో సన్న గొట్టం దూరుతుంది. సైకిల్ షాపు చాచా సన్నదానికి వరుసగా తూట్లు వేసి, ఎత్తు పెంచడానికీ తగ్గించడానికీ ఒక బోల్టు పెట్టాడు. పైన సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడుగులు, కింద కుర్చీకాళ్ల బూట్లు. అక్కడితో ఆగితే బాగుండేది. నాకు ఇంకా బరువనిపించింది. లోహం తగ్గితే బరువు తగ్గుతుంది కదా అని లావు గొట్టం నిండా కూడా తూట్లు వేయమన్నాను. చాచా డ్రిల్లు ఆపి, "బేటీ, గిది కర్రనా, జల్లెడనా?" అని అడిగాడు. పది పాసైన దాన్ని, నాకెవరు చెప్పాలి!

"రెండు కర్రలా? నన్ను నాలుగు కాళ్ల బర్రెను జేస్తున్నవా?" అని అవ్వ మొదట కసిరింది. కానీ వాకిట్లో రెండు చుట్లు నేను తిప్పాను. మూడో చుట్టు తనంతట తనే తిరిగింది.

వసంత పంచమికి రెండు రోజుల ముందు పదకొండుమంది ఆడవాళ్లం బయల్దేరాం. అందరికంటే ముందు తాళాల పెద్దమ్మ, చేతిలో తాళాలతో భజన ఎత్తుకుంటూ. అందరికంటే వెనుక అవ్వ. అవ్వకు ముందు నేను, వీపున దుప్పట్లు, సకినాలు, అవ్వ మందులు ఉన్న సంచితో. మా వైపు మొక్కు నడకకు ఒక కట్టుబాటు ఉంది. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే నడిచిన పుణ్యమంతా బాట మీదనే ఉండిపోతుందట.

రెండోరోజు పొద్దున మబ్బు పట్టింది. బాటకు అటూ ఇటూ మనిషిని మించిన చెరుకు. ఎండిన ఆకులు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఉన్నట్టుండి చల్లగాలి లేచింది. అప్పుడు వినిపించింది. "ఊ... మ్... ఊ..." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎవరో ఆడమనిషి మూలుగుతున్నట్టు. భజన ఆగిపోయింది. మేం ఆగితే అదీ ఆగింది. నాలుగడుగులు వేస్తే మళ్లీ మొదలు.

"ఎవలన్న ఏడుస్తున్నరా?" అంది పెద్దమ్మ, మెడ తిప్పకుండానే.

"బాలింత గొంతు లెక్కుంది వదినా," అంది ఇంకొకామె. "చెరుకుల ఎవలో కాన్పుల పానమిడిసిందని మా అత్త చెప్తుండె."

"నోరు మూసుకోరాదు! అందరం ఉన్నమో లేదో లెక్క చెప్పున్రి," అని కసిరింది పెద్దమ్మ.

వెనక్కి చూడకూడదు కాబట్టి ముందు నుంచి ఒక్కొక్కరం అంకె చెప్పాలి. ఒకటి, రెండు, మూడు... నేను "పది" అన్నాను. తరువాత అవ్వ చెప్పాలి. చప్పుడు లేదు. అవ్వకు సరిగ్గా వినపడలేదేమోనని నేను మళ్లీ "పది!" అని గట్టిగా అన్నాను.

నా వీపు వెనుక నుంచి, "ఊ... మ్..." అంది.

ఆ తరువాత ఎవరు ముందు పరుగెత్తారో నాకు తెలియదు. నేను మాత్రం ఆఖరున లేను. (దేవుడు క్షమించాలి, అవ్వ గుర్తుకొచ్చింది గానీ కాళ్లు ఆగలేదు.) మమ్మల్ని అందుకోవడానికి అవ్వ కర్రలు విసిరి విసిరి నడిచేకొద్దీ మూలుగు పెరిగింది. "ఇప్పుడు ఇద్దరయిండ్రే!" అని ఎవరో ఏడ్చారు.

బాట పక్కన బెల్లం వండే పాక కనబడితే అక్కడ ఆగాం, అవ్వ కూడా వచ్చి కలిసింది. పెద్దమ్మ వగరుస్తూ నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, అది అవ్వ ఎంబడే వస్తున్నది. అవ్వను బస్సెక్కియ్యి. పిల్లల తల్లులం, మమ్ముల నడువనియ్యి." ఆమె కఠినురాలు కాదు. చేతిలోని తాళాలు వణికి వాటంతటవే మోగుతున్నాయి. అవ్వ మోకాళ్లు పట్టుకుని దిమ్మె మీద కూర్చుంది. "నేనెక్క," అంది. అంతే. బస్సెక్కితే ఆ మొక్కు తీరదు, ఇంకోసారి నడిచే మోకాళ్లు లేవు. నేను అవ్వ తరఫున గట్టిగా నిలబడ్డానని రాసుకోవాలని ఉంది. నిజమేమిటంటే, బస్సే మంచిదేమోనని నాకూ అనిపించింది.

అప్పుడు మళ్లీ గాలి వీచింది. "ఊ..." అవ్వ దిమ్మె మీద ఉంది. మూలుగు పాక గుంజ దగ్గర నుంచి వచ్చింది. గుంజకు ఆనించినవి నా కర్రలు. దగ్గరికి పోయి వేలితో ఒక తూటు మూశాను. గొంతు మారింది. తీశాను, మళ్లీ పాత గొంతు. నా ఒంట్లోని భయమంతా చెవుల్లోకి వచ్చి సిగ్గులా వేడెక్కింది.

చెబుదామని నోరు తెరిచాను. పదిమంది ముఖాలు చూసి మూశాను. కర్రలు తీసుకుని పాక వెనక్కి పోయి, పెనం దగ్గరున్న మనిషిని ఇంత గోరువెచ్చని బెల్లం అడిగాను. "పసాదానికా బిడ్డా?" అన్నాడు. తలూపాను. ఒక్క తూటు వదలకుండా బెల్లం కూరి, చీర కొంగుతో తుడిచి, ముందుకొచ్చి, "అమ్మవారికి దండం పెట్టుకున్న, ఇగ రాదు," అన్నాను. రాలేదు. పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని, "సదువుల తల్లి బిడ్డవే నువ్వు," అంది. ఆ మాట నేను కాదనలేదు. అమ్మవారు మాత్రం ఊరుకోలేదు, చీమల్ని పంపింది. గోదావరి కనబడేసరికి రెండు కర్రల నిండా చీమలే. అవ్వ ప్రతి పది అడుగులకు కర్రను నేలకేసి కొడుతూ, చీమల్ని తిడుతూ, గుడి మెట్ల దాకా తన కాళ్ల మీదనే వచ్చింది.

దర్శనమయ్యాక మెట్ల మీద అవ్వ పాదాలు పిసుకుతూ నిజం చెప్పేశాను. అవ్వ ఒక కర్రను ఒళ్లో పెట్టుకుని తూట్లు తడిమింది.

"అయితే అది కర్రనా?"

"నీకు వినవడ్డదా అవ్వా?"

"వినవడక? నా చేతులల్లనే మూలిగినట్టుండె. పానం పోయిందనుకున్న."

"మరి లెక్కకు పలుకకపోతివి?"

"నోరెండిపోయింది బిడ్డా."

"జర నాకన్న చెప్పకపోతివి!"

"చెప్తె నువ్వుగూడ బస్సెక్కమందువు."

నేను అవ్వ రెండో పాదం ఒళ్లోకి తీసుకున్నాను. బాట మీద నా ముందు తొమ్మిదిమంది ఉన్నారు, వెనుక అవ్వ ఉంది. అవ్వ వెనుక మాత్రం ఎవరూ లేరు. ఆ దయ్యం తననే పట్టుకుని ఉందనుకుంటూ, వెనక్కి చూడకుండా, అంత దూరం నడిచింది.

మొక్కు తీరింది కాబట్టి తిరుగు ప్రయాణం బస్సులోనే. అవ్వ కూర్చోగానే గురక పెట్టింది. చెరుకు తోటలు వచ్చేసరికి మబ్బు దిగి, ఆకులు గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి. నేను కిటికీ తలుపు వేశాను. అవ్వ చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, "ఏమైందే?" అని లేచింది. "ఏం లేదు, పండుకో," అన్నాను. అప్పటి నన్ను, ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఆ దయ్యాన్ని బోల్టులు బిగించి మరీ తయారు చేసింది తనే, ఆ తోటలు దాటేదాకా అవ్వ చెయ్యి వదలనిదీ తనే.