రొట్టె విరిచే ముందురోజు

పంతొమ్మిది వందల అరవైల్లో బాపట్ల కోడలిగా వెళ్లిన కొత్తలో, మా చర్చి సంఘపెద్దగారంటే నాకు హడల్. నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉండే ఆదివారానికి ముందురోజు ఇంటింటికీ వచ్చేవారు. గడప బయటే నిలబడి ఒకటే అడిగేవారు: "ఎవరితోనన్నా మాటలు మానేశావా అమ్మా?"

మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె తింటే శిక్ష తిన్నట్టేనని మా నమ్మకం. తోడికోడలితో నాకు అప్పటికి మాటల్లేవు. అయినా "లేదండి" అని అబద్ధమాడేశాను.

మర్నాడు చర్చిలో రొట్టె నోట్లో పెట్టుకున్నాను. అక్కడే పడి చస్తానేమో అనిపించింది. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, భయానికి నేను తెరిచాను. ఎదురుగా పెద్దగారు తన ముక్కని చప్పుడు కాకుండా మళ్లీ పళ్లెంలో పెట్టేస్తున్నారు.

ఆ సాయంత్రమే తోడికోడలి చేతులు పట్టుకుని ఏడ్చాను.

పై నెల ఆయన వచ్చి అదే అడిగారు. ఈసారి నిజంగానే "లేదండి" అన్నాను. ఆయన వెనక్కి తిరుగుతుంటే, ధైర్యం చేసి, "మరి మీరండీ?" అన్నాను.

ఆయన ద్వారబంధం పట్టుకున్నారు.

"వేమూరులో తమ్ముడున్నాడమ్మా. తప్పు నాదే. వెళ్తే వాడు తిట్టడు. కాళ్లకి నీళ్లిచ్చి అన్నం పెడతాడు. అదేనమ్మా నా భయం."