కాదంబరిని చూడ్డానికి వచ్చిన అక్క

మా అబ్బాయి కొనిచ్చిన నోటుబుక్కు మూడు నెలలుగా రాగిపిండి డబ్బా పక్కనే ఉంది. అందులో ఒక నవల రాయాలని నా ఆశ. నేను చదివింది అయిదో తరగతి, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు నేర్పింది మా అక్క. కర్ణాటక సరిహద్దులో ఉన్న మా బైరకూరులో నేను కథ చెప్పడం మొదలుపెడితే వినేవాళ్ళ పొయ్యి మీద అన్నం మాడాల్సిందే. రాయాలంటే మాత్రం చెయ్యి ఆడలేదు. మామిడికాయల కాలం అయిపోయేలోగా మొదలుపెట్టకపోతే ఆ పుస్తకం ఎవరికైనా ఇచ్చేసి, ఈ ఆశ మానేద్దామని నాకు నేనే గడువు పెట్టుకున్నాను.

నా దగ్గర రెండు కథలున్నాయి. ఒకటి కోలారు బంగారు గనులది. మా నాన్న గనిలో దిగిన రోజులు, గనివాళ్ళకి వరసగా కట్టిన, మేం పెరిగిన లైను ఇళ్ళు. పాత క్యాలెండరు కాగితాల వెనక ఇరవై రెండు అధ్యాయాలు ప్లాను వేశాను. ఎవరు ఎప్పుడు చచ్చిపోవాలో కూడా రాసిపెట్టాను. అంతా తెలిసిపోయాక ఇక రాయబుద్ధి కాలేదు. రెండోది శ్రీనివాసపురం మామిడి మండీది. దానికి ప్లానే లేదు. ఆరు కాగితాలు నిండేసరికి కాయల లారీ మా ఊరి దగ్గరి ముళబాగిలు చేరి ఆగిపోయింది. ఎక్కడికి పోవాలో దానికీ తెలియదు, నాకూ తెలియదు. నెలరోజులుగా అక్కడే ఉంది. కాయలు కుళ్ళిపోతాయేమోనని నాకు బెంగ.

పెళ్ళయినప్పట్నుంచీ పలమనేరులోనే ఉన్న అక్కకు ఫోన్ చేశాను. మా పక్క నవలని కన్నడంలో లాగే కాదంబరి అంటాం. అక్క ఉండే ఆంధ్రా పక్క అది ఆడపిల్ల పేరని నాకు తట్టలేదు. పైగా మా ఇంట్లో పెళ్ళి కావలసిన కొడుకున్నాడు.

"అక్కా, ఏ కాదంబరిని ఎత్తుకోవాలో తెలీలేదు. ఒకటేమో గనుల పక్కది. ఇంగొకటి శ్రీనివాసపురంది."

"పిల్లోడేమంటాడే?"

"వాడికి శ్రీనివాసపురందే నచ్చినాది. గనులదాని గురించి మొదులు నుంచి కడదాకా తెలుసు నాకు. దీని గురించి ఏమీ తెలీదు."

"ఏమీ తెలీకుండా ఎట్ల చేసుకుంటారే? మాట ఇచ్చేయొద్దు. నేనొస్తా ఉండా!"

మన భాషలో ఆడపిల్లనైనా పుస్తకాన్నైనా 'అది' అనే అంటాం కదా. ఇద్దరికీ అనుమానం రాలేదు.

మర్నాడు అక్క మూరల కొద్దీ మల్లెపూలు, ఒక రవికె గుడ్డ పట్టుకుని దిగింది.

"యాడమ్మా కాదంబరి?"

నోటుబుక్కు చూపించాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పింది. సంగతి అర్థమయ్యాక నా నెత్తి మీద ఒకటి మొట్టింది.

"బస్సులో పక్కామెకంతా చెప్పేసినానే, నీ మొగం మండ!"

"లేని పిల్ల గురించి ఏం చెప్పినావు?"

"బస్సెక్కినప్పుడు పేరొకటే తెలుసు. ఆయమ్మ అడగతా పోయె, నేను చెప్తా పోతిని. నంగిలి వచ్చేతలికి ఆ పిల్లకి మామిడి తోపు వచ్చె, తల్లి లేకపోయె. మాటకు మాట చెప్పే నోరు కూడా వచ్చె."

"ఆపైన?"

"ఆపైన ముళబాగిలు వచ్చేసె. దిగేస్తి. ఆయమ్మ మిగతాది వినాలని నా ఎనకే దిగబోయె, పాపం, కోలారు దాకా టికెట్టు ఉండాది కాబట్టి ఆగిపోయె."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అక్క మల్లెపూలు సగం తుంచి తను పెట్టుకుని, సగం నోటుబుక్కు మీద పెట్టింది. కాఫీ కలుపుతుంటే నాకు తోచింది. గనులూ వద్దు, మండీ వద్దు. చూడని పిల్లని చూడ్డానికి ఒకామె బస్సెక్కుతుంది. తర్వాతి ఊరు వరకే ఆలోచించుకుంటాను. ఆ ఊరొచ్చాక ఆపై ఊరు. అక్క కాఫీ తాగేలోపే మొదటి పేజీ నింపాను.

ఇప్పుడు అక్క పలమనేరు నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది.

"కాదంబరి యాడికొచ్చినాదే?"

"నంగిలి దాటినాదక్కా."

"నెమ్మదిగా రానీ. నేను పెట్టిన నోరు మాత్రం తగ్గించొద్దు దానికి."