తట్టకేసి చూడకు

మా అమ్మ చేపలమ్మేది. పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చాక ఇసుకలోనే వేలంపాట జరిగేది. అమ్మ తనకు కావలసిన వంజరం తట్టను ఒక్కసారి చూసి, ఆ తర్వాత సముద్రాన్ని చూస్తూ నిలబడేది. నేను తట్టవైపు చూస్తే గిల్లేది.

“తట్టకేసి సూడకే. నీ మొకం సూసి రేటు పెంచేస్తారు.”

చదరంగం బళ్లో నేర్చుకున్నాను. కుడివైపు గుర్రాన్ని కదపాలనుకున్నప్పుడు ఎడమవైపు బంటును చూస్తూ కూర్చునేదాన్ని. ఎదుటివాళ్లు ఆ బంటు గురించే బుర్ర పాడుచేసుకునేవారు. పోటీల్లో గెలుస్తూ వచ్చాక, రాయిలా కూర్చుంటుందని పేపర్లు రాశాయి. పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని కూడా రాశాయి. చదివినప్పుడల్లా నాకు ఆ గిల్లుడే గుర్తొచ్చేది.

గ్రాండ్‌మాస్టర్‌నైన ఆట ముగిశాక, ఫోన్‌లో వస్తున్నానని మాత్రం చెప్పి, ఫలితం చెప్పకుండా బయల్దేరి నౌపడలో రైలు దిగాను. స్టేషన్‌కొచ్చిన అమ్మ నా మొహంలోకి చూసింది. ఏమీ దొరకలేదు.

“ఏటయ్యిందే? గెలిసావా, ఓడిపోయావా?”

“గెలిచాను.”

నమ్మలేదు. మళ్లీ చూసింది. సంచీ నా చేతిలోంచి లాక్కుని ముందు నడుస్తూ అంది.

“నానేటి నీతో వేలంపాటకొచ్చినానా? నాకాడ కూడా అదే మొకమేటే?”